సౌర పంపులోని అయస్కాంతం

నూజివీడు మామిడి తోటల వంటి మెట్ట భూముల్లో బోరు నీటిని తోడే సౌర పంపుసెట్టుకు ఎన్ని పలకలు కావాలన్నది చాలావరకు మోటారు సామర్థ్యంపై ఆధారపడుతుంది. మామూలు ఇండక్షన్ మోటారు తిరగాలంటే రోటర్‌లో విద్యుత్తును ప్రేరేపించాలి గనుక కొంత శక్తి వేడిగా పోతుంది. బ్రష్‌లెస్ మోటారులో రోటర్‌కే శాశ్వత అయస్కాంతాలు ఉండటంతో ఆ నష్టం తప్పి, అదే ఎండకు ఎక్కువ నీరు వస్తుంది.

ఇటువంటి అయస్కాంతాల్లో మేటి నియోడిమియం, ఇనుము, బోరాన్‌ల మిశ్రమం. దీని స్ఫటికంలో ప్రతి రెండు నియోడిమియం పరమాణువులకు పద్నాలుగు ఇనుప పరమాణువులు, ఒక బోరాన్ పరమాణువు ఉంటాయి. బలాన్నిచ్చేది ప్రధానంగా ఇనుమే అయినా దాని అయస్కాంత దిశ సులువుగా మారిపోతుంది. పూర్తి గోళాకారంలో లేని నియోడిమియం ఎలక్ట్రాన్ మేఘం ఆ దిశను స్ఫటికపు ఒకే అక్షానికి కట్టిపడేస్తుంది, బోరాన్ ఆ నిర్మాణాన్ని నిలబెడుతుంది.

అంతకుముందు రాజ్యమేలిన సమేరియం–కోబాల్ట్ అయస్కాంతానికి 1978లో జైర్ కోబాల్ట్ గనుల ప్రాంతంలో చెలరేగిన యుద్ధం గండి కొట్టింది. జపాన్‌లో మసాటో సగావా, ఇనుప పరమాణువుల మధ్య ఎడం పెంచాలన్న ఊహతో బోరాన్‌ను చేర్చి, మిశ్రమాన్ని మెత్తగా నూరి, అయస్కాంత క్షేత్రంలో రేణువులన్నిటినీ ఒకే దిశకు తిప్పి, అదిమి, పూర్తిగా కరగనంత వేడిలో గట్టిపరిచారు. అమెరికాలో జనరల్ మోటార్స్ శాస్త్రజ్ఞుడు జాన్ క్రోట్, కరిగిన మిశ్రమాన్ని వేగంగా తిరిగే చక్రంపై చిమ్మి, క్షణంలో గడ్డకట్టిన సన్నని పట్టీలుగా మార్చి అదే స్ఫటికాన్ని చేరుకున్నారు. ఒకరి పని మరొకరికి తెలియకుండానే ఇద్దరూ 1983 నవంబరులో పిట్స్‌బర్గ్‌లో జరిగిన ఒకే సదస్సులో తమ ఫలితాలను వెల్లడించారు.

తర్వాత ఈ పరిశ్రమ చాలావరకు చైనాకు చేరింది. వేడిలోనూ అయస్కాంతం పట్టు సడలకుండా కాపాడే డిస్ప్రోసియంతో సహా ఏడు రేర్ ఎర్త్ మూలకాల ఎగుమతిపై 2025 ఏప్రిల్‌లో ఆ దేశం నియంత్రణలు విధించింది.

నియోడిమియానికి మూలమైన మోనజైట్ నిల్వల్లో భారతదేశంలోకెల్లా పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దే. భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ ఆ ఖనిజం ఉంది. అయితే మోనజైట్‌లో ఉండే, రసాయనికంగా దాదాపు ఒకేలా ప్రవర్తించే రేర్ ఎర్త్ మూలకాలను ద్రావకాలతో దశలు దశలుగా విడదీయాలి, అందులోని రేడియోధార్మిక థోరియంను భద్రంగా వేరుచేయాలి. విశాఖపట్నంలో 2023లో జాతికి అంకితమైన కర్మాగారం ఏటా 3,000 కిలోల సమేరియం–కోబాల్ట్ అయస్కాంతాల కోసం ఉద్దేశించినది, నియోడిమియం అయస్కాంతాల కోసం కాదు. ఇసుక తీరంలోనూ పంపు తోటలోనూ ఉన్నా, వాటి నడుమ ఉండవలసిన శుద్ధి, లోహ తయారీ, అయస్కాంత నిర్మాణ నైపుణ్యాలను తీరాన్నీ మత్స్యకారులనూ నష్టపరచకుండా పెంచుకున్నప్పుడే, ఖనిజ సంపద రైతుకు స్వావలంబనగా మారుతుంది.