కావలి కన్నులకు కావలి

మన పాలమూరు, నల్లగొండ సీమలనుండి బిడ్డలు పొట్టకూటికై ముంబయి, పుణెలకు పోవుట పాత మాట. హైదరాబాదునకును, అమెరికాకును ఉద్యోగములకు పోవుట క్రొత్త మాట. ఇప్పుడు కొందరు ముదుసలి తల్లిదండ్రులను కనిపెట్టి చూచుటకై వాకిట నొక కెమెరాను బిగించి పోవుచున్నారు. ఇది మంచి పనియే. కాని యా కన్ను కొడుకునకు మాత్రమే చూపుచున్నదా, పరులకును చూపుచున్నదా యనునది విచారింపదగిన విషయము.

ఆ కెమెరాలో చిన్న కంప్యూటరు గలదు. అది వైఫై పెట్టె ద్వారా ఇంటర్నెట్టుతో కలిసియుండును. కొడుకు దూరమునుండి చూడగలుగుట కిదియే కారణము. దొంగ చూడగలుగుటకును ఇదియే కారణము. నడుమ నున్న తలుపునకు తాళము పాస్‌వర్డు. పెక్కు కర్మాగారములవారు ఒక తీరు యంత్రముల కన్నిటికిని ఒకే పాస్‌వర్డును పెట్టి పంపుచుండిరి. దానిని మార్చక వాడుట యనగా, దేవరకొండ దుర్గమంత గోడ కట్టి దిడ్డివాకిలి తెరచి యుంచుటయే.

ఇది యుత్త భయము కాదు. 2016లో మిరాయి యను దుష్ట ప్రోగ్రాము బయలుదేరెను. దానియొద్ద గొప్ప విద్య యేమియు లేదు. కర్మాగారములు పెట్టిన పేర్లు, పాస్‌వర్డుల జంటలు 60కి పైగా గల పట్టిక మాత్రముండెను. ఇంటింటి తలుపు తట్టినట్లు యంత్రము యంత్రమునొద్ద నా జంటలను ప్రయోగించి చూచెను. లక్షలకొలది కెమెరాలు, రౌటర్లు లొంగిపోయెను. ఆ యేడు అక్టోబరు 21న అట్టి యంత్రములు గుంపుగా డైన్ అను సంస్థపై విరుచుకొని పడగా, అమెరికాలో ట్విట్టరు, నెట్‌ఫ్లిక్సు మొదలగునవి గంటలకొలది అందకపోయెను. తమ కెమెరా ఇట్టి పనికి పోయినదని యజమానులలో పెక్కురకు తెలియనే తెలియదు. యంత్రము నార్పి వెలిగించినచో ఆ చెడుగు పోవును. పాస్‌వర్డు మార్చకున్న మరల వచ్చి చేరును.

కావున కెమెరా బిగించిన పనివాడు గడప దాటకముందే పాస్‌వర్డును మార్పింపుడు. వాడు మంచివాడే కావచ్చును, కాని మన ఇంటి తాళపుచెవి వానియొద్ద నుండనేల? ఖాతా మన ఫోను నంబరు మీదనే యుండవలెను. పన్నెండక్షరములకు తగ్గని పాస్‌వర్డు పెట్టుడు. మనుమని పేరు, పుట్టిన యేడు వలదు. మరచిపోదుమని వెరచువారు కాగితముపై వ్రాసి పెట్టెలో దాచుకొనవచ్చును. సముద్రము కావల నున్న దొంగ మీ భోషాణమును తెరవలేడు గదా! వైఫై పెట్టె పాస్‌వర్డును గూడ మార్పింపుడు. కంపెనీ పంపు అప్‌డేట్లను ఆపవలదు. అవి కనబడిన కంతలను పూడ్చునవి. పడకగదిలో మాత్రము కెమెరా పెట్టనీయకుడు.

బోరుబావి మోటారును ఫోనుతో నడపు స్టార్టరునకును ఇదే న్యాయము. అందు మీ ఇంటివారి నంబర్లు మాత్రమే యుండవలెను. బిగించిన మెకానిక్కు తన నంబరును పరీక్షకై చేర్చియుండిన, దానిని తీసివేయించుడు. లేనియెడల మీరు నిద్రించుచుండగా ఎవరో నీటిని పారించగలరు, ఎండిన బోరులో మోటారును కాల్చనుగలరు. పాత ఫోనును ఇతరుల కిచ్చునపుడు కెమెరా ఆప్పును, స్టార్టరు ఆప్పును అందుండి తొలగించియే యిండు.