చెప్పుల పెట్టెలో చీటీలు

పన్నెండేళ్ల కిందట భూదాన్ పోచంపల్లిలో ఒక నేతకారుల ఇంటి అరుగు మీద మధ్యాహ్నమంతా కూర్చున్నాను. ఆ ఇంటావిడ ఆసు పోస్తోంది. అర్ధచంద్రంలా వంగిన చట్రం, దాని నిండా మేకులు, వాటి చుట్టూ నూలు. ఒక్క చీరకి ఆ చెయ్యి కొన్ని వేలసార్లు ముందుకీ వెనక్కీ పోవాలి. మాట్లాడుతూనే ఉంది, చెయ్యి మాత్రం ఆగలేదు. ఇంటికొచ్చాక డైరీలో రాసుకున్నాను: ‘ఆసు. భుజం. పిచ్చుక. తప్పకుండా వాడాలి.’

ఆరేళ్ల తరువాత కథ రాద్దామని ఆ పేజీ తీశాను. ఆసు అర్థమైంది, భుజమూ అర్థమైంది. పిచ్చుక ఎక్కణ్నించి వచ్చిందో తెలియలేదు. ఎంత తలుచుకున్నా, ఇవాళ్టికీ గుర్తురాలేదు. ఆమె ఏదో గొప్ప మాట అన్నదని ‘తప్పకుండా’ అన్న నా రాతే సాక్ష్యం చెబుతోంది. మాట మాత్రం పోయింది. ఆ కథ రాయలేకపోయాను. ఆ బాధ ఇంకా తగ్గలేదు.

రాసుకునే వేళ అంతా కళ్లముందే ఉంటుంది, అందుకే మూడు ముక్కలు చాలనిపిస్తుంది. తీసి చదివే రోజుకి ఆ అరుగు ఉండదు, ఆ గొంతు ఉండదు. చదివేది మనమే అయినా, సంగతేమీ ఎరగని మనిషి కిందే లెక్క. ఆ మనిషికి ఉత్తరం రాసినట్టు రాసుకోవాలి.

అప్పట్నుంచి డైరీలు మానేసి చీటీలు మొదలుపెట్టాను. ఏ4 కాగితం నాలుగు ముక్కలు చేస్తే నాలుగు చీటీలు. ఒక్కోదాని మీద ఒకే సంగతి, పూర్తి వాక్యాల్లో. కింద తారీకు, ఊరు, చెప్పిందెవరు. వాళ్ల నోటిమాటైతే కొటేషన్ల మధ్య ఉన్నదున్నట్టు. నా ఊహైతే మూలన ‘నా’ అని గుర్తు. ఈ గుర్తు లేకపోతే పదేళ్లకి నా ఊహే వాళ్లన్న మాటగా స్థిరపడిపోతుంది. అది వాళ్లకి అన్యాయం.

ఊరు ఎందుకంటారా? భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశాలు చూడండి. వ్యవసాయానిది 1962లో, చేనేతది 1971లో వెలువడ్డాయి. వాటి విలువంతా ఏ మాట ఏ ప్రాంతానిదో చెప్పడంలోనే ఉంది. నాగలిని రాయలసీమలో మడక అంటారు. ఊరు రాసుకోకుండా ‘మడక’ అని మాత్రం రాసుకుంటే, రేపు ఆ మాటని ఏ కోనసీమ రైతు నోటనో పెట్టేస్తాం.

చీటీలన్నీ చెప్పుల అట్టపెట్టెల్లో ఉంటాయి. ఏది ఎక్కడ పెట్టాలన్నదే అసలు చిక్కు. మా మేనత్త మనవరాలి పెళ్లిలో రాసుకున్న చీటీ ఒకటుంది: ‘పెళ్లికూతురి తండ్రి ప్రతి బంతిలోనూ నిలబడి వడ్డన చూసుకున్నాడు. తను తినలేదు. వేలికి ఉంగరం లేదు, ఉంగరం ఉన్నచోట తెల్లటి చార.’ దీన్ని ‘పెళ్లి’ కింద పెడితే మంగళవాద్యాల మధ్య మునిగిపోయేది. ‘అప్పు’ కింద పెట్టాను. రెండేళ్లకి పంట రుణం మీద కథ రాస్తుంటే చేతికి తగిలింది. ఎక్కడ దొరికిందని కాదు, దేనికి పనికొస్తుందని చూసి పెట్టాలి.

ఈ పనిలో నాకు ఆశ్చర్యం కలిగించిన మనిషి జర్మనీ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్. 1998లో పోయేనాటికి ఆయన పెట్టెల్లో దాదాపు 90,000 చీటీలున్నాయి. ప్రతిదానికీ ఒక నంబరు. 57/12 అన్న చీటీకి కొనసాగింపు తోస్తే అది 57/12ఎ, దాని వెనకే చేరుతుంది. దూరాన ఉన్న చీటీతో చుట్టరికం కనిపిస్తే దాని నంబరు ఇక్కడ వేస్తారు. కథలు రాసేవాళ్లకి ఇన్ని నంబర్లు అక్కర్లేదని నా అభిప్రాయం. ఆ చుట్టరికం రాసుకోవడం మాత్రం వదలకూడదు. నా ఉంగరం చీటీ అడుగున ‘చేతులు కూడా చూడు’ అని ఉంటుంది.

ఫోన్ వద్దనను. బస్సులో నిలబడ్డప్పుడు నాకు నేనే వాట్సాప్‌లో గొంతు పంపుకుంటాను. ఆదివారం పొద్దున అవన్నీ విని చీటీల మీదికి ఎక్కిస్తాను. అప్పుడే సగం తాలు తేలిపోతుంది. ఫోన్లో వెతకాలంటే ఏం వెతకాలో గుర్తుండాలి కదా. మరిచిపోయినవి పెట్టె తిరగేస్తేనే ఎదురుపడతాయి.

మొన్న మళ్లీ పోచంపల్లి వెళ్లాను. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు తయారుచేసిన లక్ష్మీ ఆసు యంత్రం వచ్చాక ఆ పని చాలా తేలికైంది. పద్మశ్రీ అందుకున్నారాయన, 2017లో. చేత్తో ఆసు పోసిన ఒక పెద్దావిడ పక్కన కూర్చున్నాను. అరుగు దిగకముందే చీటీ తీశాను.

“ఏం రాస్తున్నవ్ బిడ్డా?”

“మీరు చెప్పిందే అమ్మా.”

చదివి వినిపించమంది. చదివాను. ఒకచోట ఆపింది.

“నొప్పి పుడతదని నేననలే. గుంజుతదన్న.”

కొట్టేసి, ఆమె అన్నట్టే రాశాను.