అడవి ఉసిరి సంగతులు మీకు తెలుసా?

ఉసిరి ఎండాకాలం మొదట్లోనే పూస్తుంది. పిందె మాత్రం వానలు పడేదాకా ఎదగదు, నెలల తరబడి కంటికి ఆననంత చిన్నగా ఉండిపోతుంది. తొలకరి తర్వాత ఊరడం మొదలుపెట్టి కార్తీకానికి కోతకొస్తుంది. మనం వనభోజనాలకు ఆ చెట్టు నీడకు చేరేదీ అప్పుడే.

భద్రాచలం వైపు అడవిలో దొరికే కాయ చిన్నది, వగరు ఎక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల ఉసిరిలో విటమిన్ సి సుమారు 252 మి.గ్రా., కమలాపండులో 43. ఆ సంస్థ పాత పుస్తకంలో ఉసిరికి 600 అని ఉండేది, చాలామంది నేటికీ ఆ అంకెనే చెబుతారు. 252 అయినా తక్కువేం కాదు. రోజుకు మగవారికి 80, ఆడవారికి 65 మి.గ్రా. చాలు. అంటే నాలుగైదు అడవి కాయలు.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది రక్తహీనత సంగతి. పప్పులు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే అదే పూట విటమిన్ సి కూడా అందాలి. ఏజెన్సీ ఊళ్లలో తల్లులకు, పిల్లలకు కావలసింది సరిగ్గా ఇదే. అన్నంలో పచ్చి ఉసిరి ముక్క నంజుకుంటే మేలు. ఎండబెట్టినా ఉడికించినా విటమిన్ కొంత పోతుంది. ఊరగాయలో ఉప్పు ఎక్కువ కాబట్టి బీపీ ఉన్నవాళ్లు చూసుకుని తినాలి.

1940 ప్రాంతంలో, నేటి హర్యానాలోని హిస్సార్ కరువులో, విటమిన్ సి లోపించి చిగుళ్లు చెడి రక్తం కారే స్కర్వీ జబ్బుకు ఉసిరినే మందుగా ఇచ్చారు.

   

రాలిన ఉసిరికాయలు చుక్కల దుప్పులకు మహా ఇష్టం. కండ తిని, నెమరేసేటప్పుడు గింజ ఉమ్మేస్తాయి. అడవిలో కొత్త మొక్కలు అలా కూడా మొలుస్తాయి.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఈ కాయలు ఏరి అమ్ముకునే హక్కు అడవిలో బతికే గిరిజనులకు, ఇతర సంప్రదాయ అటవీవాసులకు ఉంది. తొందరలో కొమ్మ నరికి కోస్తే వచ్చే ఏడు కాపు పోతుంది. దోటితో దులిపి, కొన్ని చెట్టుకే వదిలేయాలి.