వేటచర్మములు – ఇంటి యలంకారము

పైడిలేడిని జూచి జానకి, ప్రాణముతో దొరకినచో బెంచుకొందుననియు, చచ్చినచో దాని చర్మముపై గూర్చుందుననియు బతిని వేడెను. ఆ కోరిక తెచ్చిన కీడు మన మెల్లర మెఱుగుదుము. అయినను వేటగాని ఘనత యింటిగోడ కెక్కవలెనను నాస నాటితో బోలేదు.

1911వ సంవత్సరము డిసెంబరులో ఢిల్లీ దర్బారు ముగియగానే ఐదవ జార్జి చక్రవర్తి నేపాళపు తరాయి యడవుల కేగెను. సుమారు పదిదినములలో ఆ వేటబృందము 39 పులులను, 18 ఖడ్గమృగములను గూల్చెను. అందొక పులి ఇంగ్లండులోని ఎక్సిటరు నగర ప్రదర్శనశాలకు జేరెను.

అంతదూరము చర్మము చెడకుండుటకు, ఒలిచిన వెంటనే లోపలి మాంసమును గీచివైచి, ఉప్పు రాచి, నీడ నారబెట్టుదురు. పురుగు పట్టకుండ బాషాణము గలిపిన సబ్బును బూయుట ఆ కాలపు బద్ధతి. ఆ విషము నూఱేండ్లకును బోదు. కావున బెద్దలనాటి పులితోలుపై బసిబిడ్డలను బరుండబెట్టరాదు. వట్టిచేతులతో దాని దుమ్ము దులుపరాదు. అట్టిదాని నుంచుకొనుటకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి యాజమాన్యపత్రమును వలయును. 1975లో నమలునకు వచ్చిన అంతర్జాతీయపు టొడంబడికచే, అనుమతిపత్రములు లేక యిట్టివానిని దేశముల యెల్లలు దాటింపరాదు.

చక్రవర్తి వేటాడిన చిత్వాన్ ప్రాంతము 1973లో జాతీయవన మయ్యెను. 2021 లెక్కలో నేపాళమున 752 ఖడ్గమృగములు తేలినవి. విడిచిపెట్టినచో వనము మరల నిండునని యిందువలన మేము గ్రహించితిమి.

దూరదేశ మేగువారు గడప దాటునపుడు "ఏమి తేవలయు?" నని మన నడుగుదురు. ఆ వేళ జానకి పలికిన మాట మన నోట రాకుండుగాక!