సౌత్ సిడ్నీ కుందేళ్ళు

ఒక క్రీడాసంఘమును పోటీల పట్టికనుండి కొట్టివేసినచో ఆ సంఘము లేకుండ పోవునా? ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున ఈ ప్రశ్న వీధులలోనేగాక న్యాయస్థానములలో సైతము వినబడినది. ఆ కథనే మేము నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాము.

ముందుగా ఆటనుగూర్చి రెండు మాటలు. రగ్బీ బంతి కోడిగ్రుడ్డు ఆకారమున నుండును. దానిని చంకనిడుకొని పరుగెత్తి, ప్రత్యర్థుల గీత దాటి నేలకు తాకింపవలెను. చేతితో ముందునకు విసరరాదు. ప్రక్కకో వెనుకకో అందింపవలెను. 1895లో ఉత్తర ఇంగ్లండునందలి కొన్ని సంఘములు, పని మాని ఆడవచ్చు కార్మికులకు కూలినష్టము చెల్లింపవలెనని కోరి, పాతసంస్థనుండి విడివడెను. అట్లు పుట్టినదే రగ్బీ లీగ్. ఇందు జట్టునకు 13 మంది ఆటగాండ్రు.

ఈ ఆట సిడ్నీకి చేరిన తొలినాళ్ళలో, 1908 జనవరి 17న, కార్మికులు నివసించు రెడ్‌ఫర్న్ పేటలోని పురమందిరమున సౌత్ సిడ్నీ సంఘము ఏర్పడెను. ఆ యేటి పోటీలలో విజేత కూడ అదియే. వీధులలో కుందేటి మాంసమమ్మువారి కేకనుండి ఈ జట్టునకు కుందేళ్ళను పేరు వచ్చినదని చెప్పుకొందురు. ఎఱుపు, ఆకుపచ్చ దీని రంగులు.

1970 నాటి తుదిపోటీలో ఆట మొదలైన కొద్దిసేపటికే నాయకుడు జాన్ శాట్లర్‌కు దవడ విరిగెను. అయినను అతడు మైదానము వీడక చివరివరకు ఆడెను. జట్టు 23–12తో మ్యాన్లీపై గెలిచెను. మరుసటి సంవత్సరము కూడ విజయము దానిదే. పిమ్మట చాలకాలము గెలుపు లేదు, ధనమును కొరవడెను.

1995 మొదలుకొని టెలివిజను ప్రసారపు హక్కులకై పెద్ద సంస్థల నడుమ పోరు సాగి, ఆట రెండు లీగులుగా చీలెను. అవి మరల కలిసినపుడు, 2000 సంవత్సరమునుండి 14 జట్లే యుండవలెనని నిర్ణయమాయెను. రాబడిని, ప్రేక్షకుల సంఖ్యను, గెలుపులను లెక్కగట్టి, అప్పటికి 20 మారులు విజేతయైన సౌత్ సిడ్నీని 1999లో తొలగించిరి.

పూర్వపు ఆటగాడును సంఘాధ్యక్షుడునగు జార్జ్ పిగిన్స్ న్యాయస్థానమునకెక్కెను. 2000 నవంబరులో అక్కడ ఓటమి కలిగెను. అయినను ఆ నెలలోనే దాదాపు 80,000 మంది సిడ్నీ వీధులలో ఊరేగింపు జరిపిరి. 2001 జూలైలో అప్పీలు న్యాయమూర్తులు ముగ్గురిలో ఇద్దరు సంఘము పక్షమున తీర్పు చెప్పిరి. 2002లో జట్టు తిరిగి ఆడెను. 2003లో ఉన్నత న్యాయస్థానము ఆ తీర్పును రద్దుచేసినది. కాని అప్పటికి కుందేళ్ళు మైదానమున నున్నవి. వానిని మరల వెడలగొట్టినవారు లేరు.

2014 అక్టోబరు 5న, 83,833 మంది చూచుచుండగా, సౌత్ సిడ్నీ తుదిపోటీలో క్యాంటర్‌బరీని 30–6తో ఓడించి, 43 ఏండ్లకు మరల విజేత యాయెను. ఆనాడు తొలిక్షణములలోనే శామ్ బర్జెస్‌కు చెక్కిలి యెముక విరిగెను. అతడును, శాట్లర్ వలెనే, కడవరకు ఆడెను. ఉత్తమ క్రీడాకారుని పతకము అతనికే దక్కెను. అతని స్వస్థలము ఈ ఆట పుట్టిన ఉత్తర ఇంగ్లండే.