ఫ్లై-బై-వైర్ విమానాలలో నియంత్రణ ఫలకం బిగుసుకుపోవడం

విమానపు రెక్కలకు, తోకకు అమర్చిన కదిలే పలకలను నియంత్రణ ఫలకాలు అంటారు. వీటిలో ఒకటి ఏదో ఒక కోణం వద్ద కదలక బిగుసుకుపోతే విమానం ఒక ప్రక్కకు ఒరగడమో, ముక్కు పైకి లేవడమో, క్రిందికి వంగడమో జరుగుతుంది. పైలటు ఆజ్ఞలను విద్యుత్ సంకేతాలుగా కంప్యూటర్లకు చేరవేసే పద్ధతిని ఫ్లై-బై-వైర్ అంటారు. ఈ పద్ధతి గల విమానాలలో కంప్యూటర్లు మిగిలిన ఫలకాలను కదిపి ఆ లోపాన్ని చాలావరకు పూరిస్తాయి.

ముఖ్యమైన ఫలకాలు

ఏలెరాన్లు రెక్కల వెనుక అంచున ఉండి విమానాన్ని ప్రక్కలకు ఒరిగిస్తాయి. తోకలోని ఎలివేటర్లు ముక్కును పైకి, క్రిందికి త్రిప్పుతాయి. రడ్డరు ముక్కును కుడి, ఎడమలకు త్రిప్పుతుంది. రెక్కల పైభాగాన ఉండే స్పాయిలర్లు పైకి లేచినపుడు ఆ రెక్కను ఎత్తిపట్టే బలం తగ్గుతుంది.

పాత పద్ధతి

పాత విమానాలలో పైలటు పట్టుకొనే నియంత్రణ దండం ఉక్కు తీగలు, కడ్డీల ద్వారా ఫలకాలకు కలిపి ఉంటుంది. అందువలన ఒక ఫలకం బిగుసుకుంటే దండం కూడా కదలకపోవచ్చు. ఇద్దరు పైలట్ల దండాలను విడదీసే ఏర్పాటు చాలా విమానాలలో ఉండడానికి కారణం ఇదే.

1977 ఏప్రిల్ 12న అమెరికాలోని శాన్ డియాగో నుండి బయలుదేరిన డెల్టా సంస్థ ఎల్-1011 విమానంలో ఎడమ ఎలివేటరు పైకి తిరిగి బిగుసుకుపోయింది. ముక్కు పైకి లేవసాగింది. పైలట్లు ఇంజన్ల శక్తిని హెచ్చుతగ్గులు చేసి ముక్కును అదుపులోకి తెచ్చి, లాస్ ఏంజెలెస్‌లో సురక్షితంగా దింపారు. పనిచేయని భాగం లోటును పనిచేసే భాగాలతో పూరించడమే ఇందులోని సూత్రం. ఫ్లై-బై-వైర్ కంప్యూటర్లు అనుసరించేది కూడా ఈ సూత్రాన్నే.

ఎయిర్‌బస్ ఎ320లో పనిచేసే విధానం

1987లో తొలిసారి ఎగిరిన ఎ320, డిజిటల్ ఫ్లై-బై-వైర్ గల మొదటి ప్రయాణీకుల విమానం. ఇందులో పైలటు ప్రక్కనున్న చిన్న కర్రను ఒరిగిస్తే, అది "ఇంత వేగంతో ఒరుగు" అనే కోరిక మాత్రమే. ఏ ఫలకం ఎంత కదలాలో కంప్యూటర్లు నిర్ణయిస్తాయి. కోరినదానికి, జరిగినదానికి తేడా ఉంటే ఫలకాలను ఇంకా కదుపుతాయి. ఒక ఏలెరాన్ బిగుసుకుంటే రెండవ ఏలెరాన్, స్పాయిలర్లు ఆ పని చేస్తాయి. పైలటు కర్ర ఎప్పటివలెనే కదులుతుంది.

ఒక ఎలివేటరు పనిచేయనపుడు రెండవది పనిచేస్తుంది. అయితే తోకపై ఒకవైపే అధిక భారం పడకుండా దాని కదలికకు కంప్యూటర్లు హద్దు విధిస్తాయి. ఒక రెక్కపై స్పాయిలరు చెడిపోతే, రెండవ రెక్కపై దానికి జతయైన స్పాయిలరును కూడా ఆపివేస్తాయి.

పరిమితులు

బిగుసుకున్న ఫలకాన్ని కంప్యూటరు విడిపించలేదు. మిగిలిన ఫలకాల కదలికలో కొంత భాగం ఆ లోపాన్ని ఎదుర్కోవడానికే ఖర్చవుతుంది. ప్రక్క గాలి బలంగా వీచినపుడు అవసరమయ్యే శక్తి ఆ మేరకు తగ్గుతుంది. పైగా ఫలకాలపై పడే ఒత్తిడి ఎ320 పైలటు చేతికి తెలియదు. కంప్యూటరు మౌనంగా సరిదిద్దుతున్నంతసేపు విమానం మామూలుగానే ఉన్నట్లు అనిపించవచ్చు. కాబట్టి ఫలకాల స్థితిని, లోపాలను తెలిపే తెర పైలటుకు చాలా ముఖ్యం.