రోజూ ఈత కొట్టే కుక్కకు ఏ షాంపూ?

నాలుగు మంచి వానలు పడి బట్రేపల్లి జలపాతం దూకడం మొదలైందంటే తలుపుల, కదిరి కుర్రాళ్ల వాట్సాప్ స్టేటస్‌ల నిండా నీళ్లే. మనకు ఏడాదిలో దొరికేదే ఆ కొన్ని నెలలు. చెరువులోకి నీళ్లొస్తాయి, చేలల్లో కుంటలు నిండుతాయి. మనమే ఆగలేం, ఇంక ఇంట్లో కుక్క ఆగుతుందా? పొద్దున చేనుకు బండి తీస్తే వెనకే పరిగెత్తుకొచ్చి కుంటలో దబ్బున దూకేస్తుంది. సాయంత్రం మళ్లీ అదే పని. ఒళ్లంతా బురద, పాచి వాసన. అమ్మ గడప దగ్గరే ఆపేసి ‘ముందు దాన్ని కడిగి తీసుకురా’ అంటుంది. మనం స్నానం సబ్బు పట్టుకుని బోరు దగ్గరికి లాక్కెళ్తాం. ఇలా వారం పది రోజులు గడిచాక కుక్క గోక్కోవడం మొదలుపెడుతుంది. పొట్ట కింద ఎర్రగా కందిపోతుంది, తోక మొదట్లో వెంట్రుకలు ఊడతాయి. తప్పంతా కుంట నీళ్ల మీదకు తోసేస్తాం. నిజానికి రోజూ రుద్దిన ఆ సబ్బును ముందు అనుమానించాలి.

మనిషి చర్మం కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ దాదాపు 5.5. కుక్క చర్మం 7కు దగ్గరగా, అంటే దాదాపు తటస్థంగా ఉంటుంది. పైగా పల్చన. మన చర్మం పైపొరలో కణాలు పది పదిహేను వరసలుంటే, వాటికి మూడు నుంచి ఐదే. మామూలు స్నానం సబ్బు పీహెచ్ 9-10 ఉంటుంది. అంత క్షారం రోజూ తగిలితే చర్మం మీద ఉండే నూనె పొర కొట్టుకుపోతుంది. మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది, అదే బోరు నీళ్లు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో సబ్బు కలిస్తే తెల్లటి జిడ్డు తెట్టు కడుతుంది. బకెట్ అంచున రోజూ చూసేదే అది. కుక్క వెంట్రుకల అడుగున కూడా అదే పేరుకుని దురద పెడుతుంది. షాంపూలు అలా తెట్టు కట్టవు. అందుకే ఉప్పునీళ్ల ఊళ్లలో కుక్కకు సబ్బు అసలే పనికిరాదు.

ల్యాబ్రడార్‌నే తీసుకోండి. న్యూఫౌండ్‌లాండ్ జాలర్ల వెంట చల్లటి సముద్రంలో ఈదిన కుక్కల సంతతి అది. రెండు పొరల బొచ్చు, దాని మీద సహజమైన నూనె ఉంటాయి కాబట్టి నీళ్లు చర్మం దాకా తొందరగా దిగవు. ఆ నూనెను మనమే రోజూ కడిగేస్తే ఈత కొట్టే కుక్కకు రెయిన్‌కోట్ విప్పి పంపినట్టే. నాటు కుక్క బొచ్చు పొట్టిది కాబట్టి ఇంకా త్వరగా పొడిబారుతుంది.

కాబట్టి ఏ షాంపూ అని అడిగే ముందు ఎన్నిసార్లు అన్నది తేల్చుకోవాలి. ఈత కొట్టిన ప్రతిసారీ మంచినీళ్లతో ఒళ్లంతా కడిగితే చాలు, షాంపూ అక్కర్లేదు. పొట్ట కింద, చంకల్లో, కాలివేళ్ల మధ్య ఇరుక్కున్న బురద పోయేదాకా నీళ్లు పొయ్యండి. మెడకు కట్టిన బెల్టు తీసేయండి, దాని కింద తడి నిలిచే పుళ్లు పడతాయి. పాత తువ్వాలుతో తుడిచి ఎండ తగిలే చోట వదలండి. షాంపూ మూడు నాలుగు వారాలకోసారి. మరీ కంపు కొడితే రెండు వారాలకు, అంతకన్నా ముందు వద్దు. డాక్టరు మందు షాంపూ రాసిస్తే ఆ లెక్క వేరు.

ఇక సీసా వెనక ఏం చూడాలి? ముందుగా అది కుక్కల కోసం చేసిందే కావాలి. ‘సోప్ ఫ్రీ’, ‘సల్ఫేట్ ఫ్రీ’ అని ఉంటే మేలు. పదార్థాల పట్టికలో సోడియం లారిల్ సల్ఫేట్ ముందు వరసలో ఉంటే పక్కన పెట్టేయండి. డిసైల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్ లాంటివి మెత్తగా శుభ్రం చేసే రకాలు. ఓట్‌మీల్, కలబంద, గ్లిజరిన్ ఉంటే పొడిబారిన చర్మానికి హాయి. ఘాటైన సెంటు, టీ ట్రీ ఆయిల్ ఉన్నవి వద్దు. నురగ తక్కువ వచ్చిందని కంగారు పడకండి, నురగకూ శుభ్రతకూ లంకె లేదు. మగ్గు నీళ్లలో కొంచెం కలిపి పొయ్యండి. అయిదు నిమిషాలు ఉంచి, చేతికి జారుడు తగలనంతవరకు కడగండి. షాంపూ అయిపోయి కుక్క మరీ మురికిగా ఉంటే ఒక్కసారికి పిల్లల బేబీ షాంపూతో సరిపెట్టుకోవచ్చు.

‘ఇవన్నీ ఎందుకు, కుంకుడుకాయ ఉంది కదా’ అనే నానమ్మ ప్రతి ఇంట్లో ఉంటుంది. సహజమే కదా అని మనకూ అనిపిస్తుంది. చిన్నప్పుడు తలంటు పోసుకుంటుంటే కుంకుడు రసం కళ్లలో పడి ఎంత ఏడ్చామో ఒకసారి గుర్తుచేసుకోండి. కళ్లు మూసుకో అంటే మనం మూసుకున్నాం, కుక్కకు చెప్పేదెలా? పైగా అది ఒళ్లు నాక్కుంటుంది. కుంకుడులోని సపోనిన్లు కడుపులోకి పోతే వాంతులవుతాయి. నానమ్మ మాట మన జుట్టు వరకే ఉంచుదాం. డెట్టాల్, ఫినాయిల్ అయితే చుక్క కూడా వద్దు.

పిడుదులు పోవాలని చేనుకు కొట్టే మందును నీళ్లలో కలిపి పోసేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, ప్రాణం పోతుంది. ఈత కొట్టే కుక్కల విషయంలో పిడుదుల మందుకు ఇంకో లెక్క ఉంది. మెడ వెనక చర్మం మీద వేసే చుక్కల మందు వేశాక కనీసం రెండు రోజులు తడవకూడదు. తరచూ తడిస్తే దాని పని కూడా తగ్గుతుంది. మీ కుక్క రోజూ నీళ్లలోనే ఉంటుందని పశువైద్యుడికి చెప్పండి, నోటి ద్వారా ఇచ్చే మాత్ర రాస్తారేమో అడగండి. లెప్టోస్పైరోసిస్ టీకా ఏటా వేయిస్తున్నారో లేదో కూడా చూసుకోండి. ఎలుకల మూత్రం కలిసిన నిలవ నీళ్ల నుంచి సోకే ఆ జబ్బు మనుషులకూ వస్తుంది.

ఉద్యోగం కోసం బెంగళూరు వెళ్లి, కుక్కనూ వెంట తీసుకెళ్లినవాళ్లకు అక్కడ కుంట బదులు స్విమ్మింగ్ పూల్ దొరుకుతుంది. క్లోరిన్ ఒంటి మీద ఆరిపోకముందే మంచినీళ్లతో కడిగేయాలి, అంతే తేడా.

ఒక్క సందర్భంలో మాత్రం కుక్కను నీళ్ల దగ్గరికే పోనివ్వకండి. ఎండలు ముదిరి కుంటలో నీళ్లు తగ్గాక పైన పచ్చ రంగు కలిపినట్టు తెట్టు కడుతుంది. అందులో విషం చిమ్మే నీలి ఆకుపచ్చ శైవలాలు ఉండొచ్చు. బొచ్చుకు అంటిన తెట్టును నాకినా కుక్క గంటల్లో చనిపోవచ్చు. పొరపాటున దూకేస్తే నాకనివ్వకుండా వెంటనే కడిగి, నేరుగా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చెవుల సంగతి చాలామంది మర్చిపోతారు. కుక్క చెవి లోపలి దారి వంపు తిరిగి ఉంటుంది, దూరిన నీళ్లు త్వరగా ఆరవు. ఈత అయ్యాక చెవి పైకెత్తి మెత్తటి గుడ్డతో కనిపించినంత మేర తుడవండి, ఇయర్‌బడ్ దూర్చొద్దు. ఒంటికి స్నానం చేయించిన రెండో రోజే మళ్లీ పులిసిన పిండి వాసన వస్తుంటే, తల ఒక పక్కకు వాల్చి విదిలిస్తుంటే అది మురికి కాదు, చెవిలోనో చర్మం మడతల్లోనో ఈస్ట్ పెరుగుతుండొచ్చు. అప్పుడు ఇంకో షాంపూ ఆర్డర్ పెట్టకుండా డాక్టరుకు చూపించండి.